ఎంటర్ కొట్టే ముందు ఆగగలరా?

కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసేటప్పుడు నేనొక ప్రశ్న తప్పకుండా అడుగుతాను. ‘పొద్దున్నే ఆఫీసుకి వచ్చారు. ఫైళ్లన్నీ ఉన్న లినక్స్ సర్వర్ లేవడం లేదు. రెయిడ్ పోయిందేమోనని అనుమానం. బ్యాకప్ ఉందో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. మొదట ఏం చేస్తారు?’

చాలామంది క్షణం కూడా ఆలోచించరు. ‘రీస్టార్ట్ చేస్తాను సార్’ అని ఒకరు, ‘ఎఫ్‌ఎస్‌సీకే కొడతాను’ అని ఇంకొకరు, ‘కొత్త డిస్క్ పెట్టి రీబిల్డ్ చేస్తాను’ అని మరొకరు. రెజ్యూమె చూస్తే డాకర్, కుబెర్నెటీస్, రెండు క్లౌడ్ సర్టిఫికెట్లు. నేను ఎదురుచూసే జవాబుకి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ‘డిస్కుల మీద ఏమీ రాయకుండా, ముందు ఏం జరిగిందో చూస్తాను సార్’ అంటే చాలు. ఆ తర్వాత రెండో ప్రశ్న తెలియకపోయినా నాకు పెద్ద పట్టింపు లేదు. అది నేర్పించొచ్చు. తొందరపడే చేతిని ఆపడం నేర్పించడమే కష్టం.

మన కాలేజీలు, కోచింగ్ సెంటర్లు కట్టడం బాగా నేర్పుతున్నాయి. సర్వర్ ఎలా ఇన్‌స్టాల్ చెయ్యాలి, అప్లికేషన్ ఎలా ఎక్కించాలి... అన్నీ కట్టడమే. కూలిపోయినప్పుడు ఏం చెయ్యాలన్నది మాత్రం ఏ సిలబస్‌లోనూ కనిపించదు. ఉద్యోగంలో మీ మీద నమ్మకం కుదిరేది, పోయేది ఆ కూలిపోయిన రోజునే.

ఒక శుక్రవారం రాత్రి ఫోన్

మా ఊరి కుర్రాడొకడు డిగ్రీ అయ్యాక విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో చేరాడు. ‘సిస్టమ్స్ చూసుకునే అబ్బాయి’ అతనే. ప్రింటర్ దగ్గర్నుంచి సర్వర్ దాకా అన్నీ అతని నెత్తినే. ఒక శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది.

‘అన్నా, సర్వర్ పోయింది. క్లయింట్ల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. సోమవారం జీఎస్టీ రిటర్నులకి ఆఖరు తేదీ. నెట్‌లో ఒక కమాండ్ దొరికింది. కొట్టెయ్యనా?’

చదవమన్నాను. ఎమ్‌డీఆడ్మ్ టూల్‌తో రెయిడ్‌ని మళ్లీ కొత్తగా ‘క్రియేట్’ చేసే కమాండ్ అది. ‘చెయ్యి తీసెయ్. కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసెయ్’ అన్నాను. ఆ ఒక్క ఎంటర్ పడి ఉంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది.

ఆ కమాండ్ ఎందుకు ప్రమాదమో తెలియాలంటే రెయిడ్ అంటే ఏంటో కొంచెం తెలియాలి. 1988లో అమెరికాలోని బర్కిలీలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పరిశోధన పత్రం రాశారు. ఖరీదైన ఒక పెద్ద డిస్క్ బదులు చవకైన చిన్న డిస్కుల్ని గుంపుగా కట్టి వాడుకోవచ్చని, ఆ గుంపులో ఒకటి పోయినా డేటా నిలబడేలా చెయ్యొచ్చని వాళ్ల వాదన. రెయిడ్ అనే పేరు అక్కడే పుట్టింది.

ఇందులో రెయిడ్ 5 అనే పద్ధతి చిన్న ఆఫీసుల్లో బాగా కనిపిస్తుంది. ఇంటి లెక్కతో చెప్పుకుందాం. మూడు చీటీల మీద 7, 5, 9 రాశారు. నాలుగో చీటీ మీద మొత్తం 21 రాశారు. 5 ఉన్న చీటీ పోయిందనుకోండి. 21లోంచి 7, 9 తీసేస్తే 5 వచ్చేస్తుంది. కానీ రెండు చీటీలు పోతే? ఏ లెక్కా పనిచెయ్యదు. నిజం రెయిడ్‌లో కూడికకు బదులు ఎక్స్‌క్లూజివ్ ఆర్ అనే లెక్క ఉంటుంది. ఆ ‘మొత్తం’ కూడా ఒకే డిస్కులో కాకుండా అన్నింట్లోకీ పంచి ఉంటుంది. సూత్రం మాత్రం ఇదే. నాలుగు డిస్కుల్లో ఒకటి పోతే బతుకుతారు. రెండు పోతే ఆగిపోతారు.

ఇప్పుడా ‘క్రియేట్’ సంగతి. డిస్కులు ఏ వరుసలో ఉన్నాయి, ముక్క సైజు ఎంత, డేటా ఎక్కడి నుంచి మొదలవుతుంది... ఇవన్నీ ప్రతి డిస్క్ మీదా ఒక చిన్న చోట రాసి ఉంటాయి. కొత్తగా క్రియేట్ చేస్తే ఆ రాత చెరిగిపోయి కొత్త రాత పడుతుంది. పైగా రెయిడ్ 5ని అలా కొత్తగా మొదలుపెడితే, మామూలుగా అది ఒక డిస్క్‌ని కొత్తదిగా లెక్కేసి మిగతావాటితో లెక్క కట్టి దాని మీద రాసుకుంటూ పోతుంది. వరుస తప్పిందా, ఉన్న డేటా మీదే చెత్త రాసినట్టు. తెల్లారేసరికి డిస్కులు నిక్షేపంగా ఉంటాయి, ఫైళ్లు ఉండవు.

చూడటానికే ఒక గంట

ఆ రాత్రి మొదటి గంట మేం చేసిందల్లా చూడటమే. ఒక నోటు పుస్తకం తీసుకుని తేదీ, టైము వేసి, కొట్టే ప్రతి కమాండూ, వచ్చే ప్రతి జవాబూ రాయమన్నాను. డిస్కుల సీరియల్ నంబర్లు, ఏది ఏ కేబుల్‌కి ఉందో ఫోన్‌తో ఫొటోలు తీయమన్నాను. తర్వాత ఒక్కొక్కటీ: రెయిడ్ స్థితి చూపించే ఎమ్‌డీస్టాట్ ఫైలు, కెర్నల్ సందేశాలు చూపించే డీమెసేజ్, డిస్కుల ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్, చివరగా ఎమ్‌డీఆడ్మ్‌తో ప్రతి డిస్క్‌నూ ‘ఎగ్జామిన్’ చెయ్యడం. ఇవన్నీ చదివే కమాండ్లే. వేటినీ మార్చవు.

ఎగ్జామిన్‌లో ‘ఈవెంట్స్’ అని ఒక అంకె ఉంటుంది. రెయిడ్‌లో మార్పు జరిగిన కొద్దీ అది పెరుగుతుంది. నాలుగు డిస్కుల్లో రెండింటి అంకె ఒకటే. మూడోదాని అంకె కొంచెమే తక్కువ. నాలుగోది మాత్రం ఎక్కడో వెనకబడి ఉంది. కథ మొత్తం అక్కడే అర్థమైపోయింది. నాలుగో డిస్క్ ఎనిమిది నెలల క్రితమే తప్పుకుంది. అప్పట్నుంచీ సర్వర్ మూడు కాళ్ల మీద నడుస్తోంది. ఆ రోజు మూడో డిస్కులో కొన్ని సెక్టార్లు చదవలేక అదీ పక్కకు పోయింది.

ఎనిమిది నెలలు ఎవరికీ ఎందుకు తెలీలేదు? సర్వర్ చెప్పింది. డిస్క్ తప్పుకుందని రోజుకొక మెయిల్ పంపింది. అవన్నీ ఆ సర్వర్‌లోనే రూట్ అనే ఖాతా మెయిల్ పెట్టెలో పడి ఉన్నాయి. దాన్ని తెరిచి చూసినవాడు లేడు. మా కుర్రాడు చేరి మూడు నెలలే. అలాంటి పెట్టె ఒకటుందని అతనికి చెప్పినవాళ్లు కూడా లేరు.

శనివారం పొద్దున ఆయన్ని ఒప్పించి, అంటే ఆఫీసు యజమానిని, మూడు కొత్త డిస్కులు, ఒక పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కు కొనిపించాం. ‘పాడైంది ఒకటే అంటున్నారు, మూడెందుకు?’ అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అసలు డిస్కుల మీద ప్రయోగాలు చెయ్యకూడదు. ప్రతిదానికీ నకలు తీసి, ఆ నకళ్ల మీద పనిచెయ్యాలి. తప్పు జరిగితే నకలు పోతుంది, అసలు ఉంటుంది. డీడీరెస్క్యూ అనే టూల్ ఈ పనికే ఉంది. బాగున్న భాగాలన్నీ ముందు గబగబా లాగేసి, చదవలేని చోట్లను గుర్తు పెట్టుకుని, తర్వాత వాటి దగ్గరకు మళ్లీ వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మొదటికి రాదు. మామూలు కాపీ కమాండ్ అయితే మొదటి దెబ్బకే ఆగిపోతుంది, లేదా పాడైన చోటే కొట్టుకుంటూ కూర్చుని డిస్క్‌ని ఇంకా చంపుతుంది.

ఆదివారం మధ్యాహ్నానికి మూడు నకళ్లూ పూర్తయ్యాయి. మూడో డిస్కులో కొన్ని కిలోబైట్లు మాత్రం రాలేదు. పాత నాలుగో డిస్క్‌ని పక్కన పెట్టేసి, మూడు నకళ్లతో ‘క్రియేట్’ కాదు, ‘అసెంబుల్’ చేశాం. అంటే ఉన్న రాతను నమ్మి కలపమని చెప్పడం. ఈవెంట్స్ అంకెలో ఉన్న చిన్న తేడాను ఒప్పుకోవడానికి ‘ఫోర్స్’ వాడాల్సి వచ్చింది. అది నకళ్ల మీద కాబట్టే ధైర్యం. ఫైల్ సిస్టమ్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాం. ఫోల్డర్లు కనిపించాయి. అటు నుంచి కుర్రాడి గొంతు కాసేపు వినిపించలేదు.

ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి దించి, తెరిచి చూసుకుంటే రెండు పాత స్కాన్ కాపీలు తప్ప మిగతావి బాగానే ఉన్నాయి. సోమవారం రిటర్నులు వెళ్లాయి.

ఒక మాట. ప్రతిసారీ కథ ఇలా సుఖాంతం కాదు. డిస్క్ టిక్ టిక్‌మని శబ్దం చేస్తుంటే ఏ కమాండూ కొట్టకూడదు. కరెంటు తీసేసి, డేటా రికవరీ చేసే ల్యాబ్‌కి ఇవ్వడమే మార్గం. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ పనిచేస్తుంటే డిలీట్ చేసిన ఫైలు తిరిగి రావడం చాలా కష్టం. అలాగే ఒక్కోసారి డిస్కులు ఏ పాపం ఎరగవు. కేబుల్ వదులైనా, పవర్ సప్లై పాడైనా రెయిడ్ పోయినట్టే కనిపిస్తుంది. అందుకే చూడటం ముందు, చెయ్యడం తర్వాత.

పెద్ద కంపెనీలూ మినహాయింపు కాదు

‘ఇదంతా చిన్న ఆఫీసుల గోల. మేం వెళ్లేది పెద్ద కంపెనీలకి, అక్కడంతా క్లౌడ్’ అని మీరు అనుకోవచ్చు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో చూడండి. ప్రపంచమంతా ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే చోటది. రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజినీరు డేటాబేస్ నకలు సమస్యతో కుస్తీ పడుతున్నాడు. రెండో సర్వర్‌లో ఖాళీ చెయ్యాల్సిన డైరెక్టరీని పొరపాటున మొదటి సర్వర్‌లో, అంటే అసలైనదాంట్లో తీసేశాడు. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపాడు. సుమారు 300 జీబీలో అప్పటికి మిగిలింది 4.5 జీబీ.

బ్యాకప్‌లు ఉన్నాయిగా అనుకున్నారు. రోజూ తీసే డేటాబేస్ డంప్ వెర్షన్ తేడా వల్ల చాలా రోజులుగా తీయబడటమే లేదు. విఫలమైందని వెళ్లే మెయిళ్లు కూడా అవతల తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. క్లౌడ్‌లో డిస్క్ స్నాప్‌షాట్లు ఆ డేటాబేస్ సర్వర్లకు ఆన్ చేసి లేవు. చివరికి కాపాడింది ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒక ఇంజినీరు చేత్తో తీసిపెట్టిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్. మధ్యలో పోయినవాటిలో సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు ఉన్నాయని వాళ్లే ప్రకటించారు.

విజయవాడలో చదవని మెయిల్, అక్కడ చేరని మెయిల్. తేడా ఎంత?

కానీ గిట్‌ల్యాబ్ చేసిన ఒక పని నాకు నచ్చింది. ఏమీ దాచలేదు. బాగుచేసే పనిని అందరూ చూసేలా యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. తర్వాత రాసిన నివేదికలో ఆ ఇంజినీరు పేరు పెట్టలేదు, ‘టీమ్ మెంబర్ 1’ అన్నారంతే. తప్పు ఒక మనిషి వేలిదని వదిలెయ్యకుండా, బ్యాకప్‌లు తీస్తున్నారే కానీ తిరిగి వస్తున్నాయో లేదో చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదని ఒప్పుకున్నారు.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో అగ్నిప్రమాదం జరిగింది. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు. బయట ఇంకోచోట నకలు లేదు. ఎన్ని డిస్కులతో ఎంత గట్టి రెయిడ్ కట్టినా గదే కాలిపోతే ఏం లాభం?

రెయిడ్ బ్యాకప్ కాదు అని పాఠాల్లో ఒక లైను ఉంటుంది. దాన్ని బట్టీ పడతారు. అర్థం ఇది: రెయిడ్ డిస్క్ పోకుండా కాదు, డిస్క్ పోయినా పని ఆగకుండా కాపాడుతుంది. మీరు పొరపాటున డిలీట్ చేస్తే ఆ డిలీట్‌ని అన్ని డిస్కుల మీదా అదే క్షణంలో నమ్మకంగా అమలు చేస్తుంది. రాన్సమ్‌వేర్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే ఆ తాళం వేసిన ఫైళ్లనే జాగ్రత్తగా కాపాడుతుంది. అందుకే పాత సూత్రం: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. దానికి నేను ఒకటి కలుపుతాను. నెలకోసారి ఒక ఫైలైనా వెనక్కి తెచ్చి తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ ఆశ మాత్రమే.

మరి మీరేం చెయ్యాలి?

మొదట, ఖర్చు లేదని చెప్పాలి. సర్వర్ అక్కర్లేదు, పాత డిస్కులూ అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి అందులో ఉబుంటునో డెబియన్‌నో పెట్టండి. ఒక్కోటి 200 ఎంబీ ఉండేలా నాలుగు ఖాళీ ఫైళ్లు చేసి, లూప్ డివైజ్‌లుగా మార్చండి. లినక్స్ దృష్టిలో అవి నాలుగు డిస్కులే. వాటితో రెయిడ్ 5 కట్టండి. అందులో కొన్ని ఫొటోలు వేసి, వాటి చెక్‌సమ్‌లు రాసి పెట్టుకోండి. ఒక డిస్క్‌ని ‘ఫెయిల్’ అనండి. ఫొటోలు తెరుచుకుంటాయా? తీసేసి కొత్తది కలపండి. ఎమ్‌డీస్టాట్‌లో రీబిల్డ్ నడవడం చూడండి. తర్వాత రెండు డిస్కులు ఒకేసారి తీసెయ్యండి. ఆగిపోయిన ఆ రెయిడ్‌ని నకళ్లు తీసి అసెంబుల్ చెయ్యడానికి ప్రయత్నించండి. వరుస మార్చి క్రియేట్ చేస్తే ఏమవుతుందో కూడా చూడండి. ఇక్కడ పాడుచేసుకుంటే పోయేదేమీ లేదు. ఆ భయం ఏంటో ఒకసారి చేత్తో తెలిస్తే ఆఫీసులో వేలు దానంతటదే ఆగుతుంది.

చేసినదంతా నాలుగు పేజీలు రాసి రెజ్యూమెకి జత చెయ్యండి. ‘రెండు డిస్కులు పోయిన రెయిడ్ 5ని ల్యాబ్‌లో తిరిగి లేపాను, మొదటి రెండుసార్లు డేటా పోగొట్టుకున్నాను, ఎందుకంటే...’ అని రాసిన కుర్రాడిని నేనైతే ముందు పిలుస్తాను. ఆ ‘పోగొట్టుకున్నాను’ అన్న మాట కోసమే పిలుస్తాను. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, డెవాప్స్, క్లౌడ్ సపోర్ట్... పేరేదైనా పని ఇదే. క్లౌడ్‌లో డిస్క్ మన చేతికి కనిపించదంతే. స్నాప్‌షాట్ ఆన్‌లో ఉందా, దాన్ని తిరిగి తెచ్చి చూశారా అన్న ప్రశ్నలు అక్కడా అవే.

కాలేజీలకూ ఒక మాట. ఏటా ఒక ల్యాబ్ పరీక్షలో విద్యార్థికి పనిచేసే సర్వర్ కాదు, చెడిపోయిన సర్వర్ ఇవ్వండి. బాగుచేసినందుకు సగం మార్కులు, ఏం చూశాడో, ఏం చెయ్యలేదో రాసినందుకు సగం మార్కులు వెయ్యండి. దీనికి కొత్త యంత్రాలు కొనాల్సిన పనిలేదు.

చిన్న ఆఫీసుల యజమానులకి ఇంకో మాట. మూడు నెలల కుర్రాడి చేతిలో మీ వ్యాపారం మొత్తం పెట్టి, బ్యాకప్ డిస్క్ అడిగితే వచ్చే నెల చూద్దాం అనకండి. పోయినప్పుడు వాడిని తిడితే ఫైళ్లు రావు. తిడతారన్న భయంతో వాడు మీకు చెప్పకుండా నెట్‌లో దొరికిన కమాండ్ కొడతాడు. అసలు నష్టం అప్పుడు జరుగుతుంది.

మా కుర్రాడు ఆ రాత్రి నాకు ఫోన్ చేశాక చేసిన రెండో ఫోన్ యజమానికి. నేనే చెయ్యమన్నాను. ‘సార్, సర్వర్ పోయింది. నాకు పూర్తిగా తెలీదు, తెలిసినవాళ్లను అడుగుతున్నాను, వాళ్లు చెప్పేదాకా ఏదీ ముట్టుకోను’ అన్నాడట. ఆయన చాలా కోప్పడ్డారు. కానీ పొద్దున్నే డిస్కులు కొనడానికి డబ్బిచ్చారు. ఇప్పుడు ఆ సర్వర్ మెయిళ్లు యజమాని ఫోన్‌కీ, కుర్రాడి ఫోన్‌కీ వస్తాయి. నెల మొదటి శనివారం ఇద్దరూ కూర్చుని ఒక పాత ఫైలు బ్యాకప్‌లోంచి తీసి చూస్తారు.

ఆ నోటు పుస్తకం ఇంకా వాడి దగ్గరే ఉంది. మొన్న వేరే కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తూ ‘ఇది పట్టుకెళ్లనా అన్నా?’ అని అడిగాడు. క్లయింట్ల పేర్లున్న పేజీలు మాత్రం ఇంట్లో పెట్టి, మిగతాది తప్పకుండా పట్టుకెళ్లమన్నాను.